పగటి మనిషి, రాత్రి మనిషి, ఒక బాయిలర్: స్టీమ్‌పంక్ మిస్టరీని కట్టే పద్ధతి

మీరు తెలుగులో రాస్తున్న స్టీమ్‌పంక్ నవలను, అంటే ఆవిరి యంత్రాలే రాజ్యమేలే ఊహాలోకపు కథను, ఎలా బాగుచేయాలన్న మీ ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను. కథాకాలం 1886, చోటు లండన్. వీధుల్లో ఆవిరి బళ్ళు, ఆఫీసుల్లో పళ్ళచక్రాల గణనయంత్రాలు. పగలు హత్యకేసులు తేల్చే డిటెక్టివ్ ఒంట్లోనే రాత్రిళ్ళు మరో మనిషి లేస్తాడు. ఆ సంగతి ఇతనికి తెలియదు. రాతప్రతి చదివినవాళ్ళు మూడో అధ్యాయంలోనే "హంతకుడు ఇతనేగా" అన్నారు, యంత్రాలు తీసేసినా కథ మారదనీ అన్నారు.

ఈ రెండు ఫిర్యాదులకూ మందు ఒకటే. ద్వంద్వ వ్యక్తిత్వం ఉన్నవాడు పోగొట్టుకునేది గంటల్ని. ఆవిరి యంత్రం దాచలేనిది కూడా గంటల్నే. నిప్పు రాజెయ్యడానికి సమయం పడుతుంది, బొగ్గు తరుగుతుంది, నీళ్ళు తరుగుతాయి, బూడిద మిగులుతుంది. మనిషికి గుర్తులేని రాత్రిని యంత్రం లెక్క చెబుతుంది. నవల మొత్తాన్ని ఈ ఇరుసు మీద పెట్టండి.

ముందు రహస్యం ఎక్కడ పెట్టాలో తేల్చుకుందాం. "ఇద్దరూ ఒకరే" అన్నదాన్ని ఆఖరి అధ్యాయం దాకా దాచడం ఇప్పుడు పని చేయదు. ఆ మలుపును పాఠకులు సినిమాల్లో, సీరియళ్ళలో చూసి చూసి ఉన్నారు. డిటెక్టివ్‌కి తలనొప్పి వచ్చి, ఉదయం బూట్లకు బురద కనిపించగానే పసిగట్టేస్తారు. అందుకని నవలలో నాలుగో వంతు పూర్తయ్యేలోపే ఆ సంగతి మీరే బయటపెట్టెయ్యండి. అప్పుడు ప్రశ్న మారుతుంది: ఆ రాత్రి పదింటి నుంచి నాలుగింటి దాకా రెండో మనిషి ఎక్కడున్నాడు, ఏం చూశాడు, ఎందుకు దాస్తున్నాడు? డిటెక్టివ్ తన మీద తానే దర్యాప్తు చేసుకోవాలి. అక్కడి నుంచి పేజీలు వాటంతటవే తిరుగుతాయి.

రాత్రి మనిషిని హంతకుణ్ణి చేయొద్దని నా గట్టి సలహా. డిటెక్టివే నేరం చేసి ఉండకూడదని రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే మిస్టరీ కథల నియమాల్లో రాశాడు. ఆ నియమాన్ని ఉల్లంఘించిన మంచి కథలు ఉన్నాయి, కానీ ఇప్పుడు ఆ ఉల్లంఘనే పాతబడింది. పైగా ఈ స్థితి ఉన్న మనుషులు నిజంగా ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది చిన్నతనంలో తీవ్రమైన హింస అనుభవించినవాళ్ళు. లోపలి రెండోమనిషి అంటే రాక్షసుడే అనే చిత్రణ వాళ్ళకు చాలా చెడు చేసింది. రాత్రి మనిషిని సాక్షిగా పెట్టండి. అసలు హంతకుణ్ణి చూసిన ఒకే ఒక్కడు డిటెక్టివ్ తలలోనే ఉన్నాడు, కానీ ఇతనితో మాట్లాడడు. మిస్టరీకి ఇంతకంటే మంచి ముడి నాకు కనిపించదు.

ఇక జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో. ఇది ముందే రాసిపెట్టుకుని చివరిదాకా పాటించకపోతే నవల కూలిపోతుంది. ఎవరికి ఎవరు గుర్తుంటారు? ఒకరికొకరు బొత్తిగా తెలియకపోవచ్చు, ఇద్దరికీ అంతా తెలిసి ఉండొచ్చు, లేదా ఒకరికే ఇద్దరి బతుకూ తెలిసి ఉండొచ్చు. మిస్టరీకి పనికొచ్చేది మూడోది. దీనికి ఆ శతాబ్దంలోనే గట్టి ఉదాహరణ ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో డాక్టర్ అజామ్ ఫెలిడా అనే యువతిని 1858లో చూశాడు, 1876 నుంచి ఆమె గురించి ప్రచురించాడు. మామూలు స్థితిలో ఆమె దిగులుగా, ముభావంగా ఉండేది. రెండో స్థితిలో చలాకీగా ఉండేది, అప్పుడు ఆమెకు రెండు బతుకులూ గుర్తుండేవి. మామూలు స్థితిలోకి వస్తే రెండోది తుడుచుకుపోయేది. ఒకసారి అంత్యక్రియల నుంచి బండిలో తిరిగొస్తుండగా స్థితి మారింది. చనిపోయింది ఎవరో తెలియదు. పక్కనున్న ఆడవాళ్ళ మాటలు వింటూ, తెలివిగా ప్రశ్నలు వేస్తూ, తెలియనట్టు బయటపడకుండా కూపీ లాగింది. ఈ ఒక్క సంఘటనలో మీ డిటెక్టివ్ స్వభావం మొత్తం ఉంది. అతను అంత గొప్ప పరిశోధకుడు కావడానికి కారణమే ఇదని రాయండి: చిన్నప్పటి నుంచీ ప్రతి ఉదయం తన నిన్నటిని తానే ఆరా తీసుకోవలసి వచ్చింది.

అమెరికాలో ఆన్సెల్ బోర్న్ అనే మతబోధకుడి సంగతి కూడా చదవండి. 1887 జనవరిలో ప్రావిడెన్స్ బ్యాంకు నుంచి 551 డాలర్లు తీసుకుని మాయమయ్యాడు. పెన్సిల్వేనియాలోని నోరిస్‌టౌన్‌లో బ్రౌన్ అనే పేరుతో చిన్న దుకాణం పెట్టుకుని బతికాడు. మార్చి 14న నిద్రలేచి, ఇది ఏ ఊరని అడిగాడు. 1890లో మనస్తత్వవేత్త విలియం జేమ్స్ హిప్నటైజ్ చేస్తే బ్రౌన్ మళ్ళీ బయటికొచ్చి మాట్లాడాడు. మీ నవలలో రాత్రి మనిషితో మాట్లాడే దారి ఇదే. హిప్నాటిజం సీన్ ఒక్కటే పెట్టండి, నవల రెండొంతులు గడిచాక. ముందే పెడితే సాక్షి నోరు విప్పేసినట్టే, ఇంక కథ ఉండదు.

1886లో ఎవరి నోటా "స్కిజోఫ్రీనియా" అనిపించకండి. ఆ మాట 1908లో పుట్టింది, పైగా అది వేరే జబ్బు. "ద్వంద్వ చైతన్యం" అని డాక్టర్ చేత అనిపిస్తే కాలానికి సరిపోతుంది.

ఇప్పుడు యంత్రాల దగ్గరికి వద్దాం. చాలా రాతప్రతులు చెడిపోయేది ఇక్కడే. "మీట నొక్కగానే ఆవిరి బండి దూసుకుపోయింది" అని రాస్తారు. చల్లారిన బాయిలర్ అలా కదలదు. రైలింజన్ అయితే నిప్పు పెట్టాక ఆవిరి కట్టడానికి నాలుగైదు గంటలు. బండికి సరిపడే చిన్న నిలువు బాయిలర్ అయితే ముప్పావు గంట అనుకోండి. రాత్రి నిప్పును బూడిద కింద కప్పి ఉంచితే పావుగంటలో లేస్తుంది. ఆ కాలపు ఆవిరి ఫైరింజన్లు పది నిమిషాల్లో సిద్ధమయ్యేవి, కానీ వాటి బాయిలర్లు చిన్నవి, స్టేషన్లో నీళ్ళను గ్యాస్ మంటతో వెచ్చగా ఉంచేవాళ్ళు.

ఖర్చు లెక్క కూడా దగ్గర పెట్టుకోండి. ఆవిరిని గాల్లోకి వదిలేసే చిన్న ఇంజన్‌కి గంటకు ఒక్కో హార్స్‌పవర్‌కి రెండున్నర నుంచి మూడు కిలోల బొగ్గు, 16 నుంచి 19 లీటర్ల నీళ్ళు పడతాయని వేసుకోవచ్చు. అంటే 8 హార్స్‌పవర్ బండి రెండు గంటలు పూర్తి బలంతో నడిస్తే 40 నుంచి 48 కిలోల బొగ్గు, 250 నుంచి 300 లీటర్ల నీళ్ళు. ట్యాంకు 150 లీటర్లదైతే దారిలో ఒక్కసారైనా ఆగి నీళ్ళు నింపుకోవాలి. ఎక్కడ? గుర్రాలు నీళ్ళు తాగే తొట్ల దగ్గర. ఆ కాలంలో లండన్ వీధుల్లో వాటిని ఒక సంఘం కట్టించేది. తొట్టి దగ్గర గుర్రంతో నిలబడ్డవాడు మీకు సాక్షి. బొగ్గులో పదో వంతు బూడిదవుతుంది, కాబట్టి ఉదయానికి నాలుగైదు కిలోల బూడిద ఎక్కడో పోసి ఉండాలి. లండన్ నీళ్ళు సున్నపు నీళ్ళు, బాయిలర్ లోపల పెచ్చు కడతాయి. రెండు బాయిలర్లలో పెచ్చు ఒకేలా లేకపోతే అది కూడా ఆధారమే.

దీంతో మీ మూడో అధ్యాయాన్ని కాపాడుకోవచ్చు. ఒక రాత్రిని ఇలా కట్టి చూడండి. పదింటికి డిటెక్టివ్ పడుకున్నాడు. పది ఇరవైకి రాత్రి మనిషి లేచాడు. బాయిలర్ చల్లగా ఉంది, అంటే పదకొండు దాటితే గానీ బండి కదలదు. హత్య థేమ్స్ అవతల, ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, పదీ యాభైకి జరిగింది. గుర్రపుబండి ఎక్కలేదు, ఆ వీధి బండివాళ్ళందరినీ అడిగారు. అరగంటలో ఎనిమిది కిలోమీటర్లు నడవలేడు. పాఠకుడు "వీడే హంతకుడు" అనుకుంటాడు, అనుకోనివ్వండి, కావాలంటే ఉసిగొల్పండి కూడా. ఇరవయ్యో అధ్యాయంలో బాయిలరే ఆ అనుమానాన్ని కొట్టేస్తుంది. లెక్కలన్నీ పాఠకుడి కళ్ళ ముందే ఉన్నాయి, అతనే వేసి చూసుకోలేదు. మిస్టరీలో న్యాయం అంటే అంతే.

ఇంకో మెట్టు పైకి వెళ్ళొచ్చు. ఇంజన్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే సీలు వేసిన మీటరు నిజంగా ఉండేది. బౌల్టన్, వాట్ కంపెనీ తమ ఇంజన్ల మీద రావలసిన సొమ్ము లెక్కకట్టడానికి తాళం వేసిన పెట్టెల్లో పెట్టించింది. మీ బండికి అలాంటిది ఒకటి బిగించండి. చక్రం వ్యాసం ఒక మీటరు, చక్రం ఒకసారి తిరిగితే ఇంజన్ మూడుసార్లు తిరిగే గేరు అనుకుంటే, 16 కిలోమీటర్లకు చక్రం సుమారు 5,100 సార్లు, ఇంజన్ సుమారు 15,300 సార్లు తిరుగుతాయి. ఉదయం మీటరు సరిగ్గా అంత ముందుకు జరిగి ఉంది: ఎనిమిది వెళ్ళడం, ఎనిమిది రావడం. డిటెక్టివ్ తన మీద తానే కేసు రాసుకునే స్థితికి వస్తాడు. తర్వాత బొగ్గు తూకం వేస్తాడు. ఆ దూరం బరువు లాగితే కరగాల్సిన బొగ్గులో మూడో వంతు కూడా కరగలేదు. అంటే ఎవరో చక్రాలను జాకీ మీద లేపి, బండిని షెడ్డులోనే ఉంచి, ఇంజన్‌ను ఊరికే తిప్పారు. అతన్ని ఇరికించాలని చూసినవాడికి మీటరు గురించి తెలుసు, బొగ్గు గురించి ఆలోచించలేదు. వాడు ఎవరై ఉంటాడో అనుమానితుల జాబితా దానంతటదే కుదించుకుపోతుంది: షెడ్డు తాళం ఉన్నవాడు, ఇంజన్ నడపడం తెలిసినవాడు, బొగ్గు ఎత్తే పని ఎన్నడూ చెయ్యనివాడు. ఈ మూడో లక్షణం నాకు చాలా ఇష్టం. నిప్పు మండించినవాడు ఎవడూ బొగ్గును మర్చిపోడు.

ఇంటి లోపలా ఇలాంటి గడియారాలున్నాయి. గ్యాస్ దీపం ఒకటి వెలిగితే గంటకు సుమారు 5 ఘనపుటడుగుల గ్యాస్ కాలుతుంది. పది గంటలకు ఆర్పి పడుకున్నానన్న ఇంట్లో మీటరు మీది చిన్న ముల్లు ఉదయానికి 20 అడుగులు జరిగి ఉంటే నాలుగు గంటలు దీపం వెలిగినట్టే. టెలిగ్రాం ఫారం మీద ఇచ్చిన సమయం, అందిన సమయం రెండూ ఉంటాయి. రాత్రి కాపలావాళ్ళకు గస్తీ తిరిగామని రుజువు చేసే ప్రత్యేక గడియారాలు ఉండేవి. వీటన్నిటినీ వాడెయ్యొద్దు. మూడు చాలు, ఒక్కోదాన్నీ వేర్వేరు అధ్యాయాల్లో ముందు మామూలు వస్తువుగా చూపించండి, తర్వాతే ఆధారంగా వాడండి.

కల్పిత యంత్రం ఒకటి ఉండాలి, ఒకటే ఉండాలి. పందొమ్మిదో శతాబ్దపు గణితజ్ఞుడు బ్యాబేజ్ రూపొందించి, పూర్తిచేయలేకపోయిన గణనయంత్రం మీ కథలో పూర్తయిందనుకోవడం మీ ఎంపిక, బాగుంది. అయితే దాని పరిమాణం మర్చిపోవద్దు. అతని రెండో డిఫరెన్స్ ఇంజన్ డిజైన్‌ను లండన్ సైన్స్ మ్యూజియం 1991లో లెక్కలు కట్టే భాగం వరకు, 2002 నాటికి ముద్రణ భాగంతో సహా తయారుచేసింది. సుమారు 8,000 భాగాలు, 5 టన్నుల బరువు, 11 అడుగుల పొడవు. అదీ చేత్తో తిప్పేదే. కాబట్టి జేబులో పట్టే గణనయంత్రం మీ డిటెక్టివ్ దగ్గర ఉండకూడదు. స్కాట్లండ్ యార్డ్ నేలమాళిగలో ఉండి, చిల్లుల కార్డులు వేస్తే నేరస్తుల ఒంటి కొలతలు వెతికి పెట్టేది అనుకుంటే నమ్మబుద్ధేస్తుంది. ఆ కొలతల పద్ధతిని పోలీసు గుమాస్తా బెర్టిలోన్ 1880ల ఆరంభంలో పారిస్‌లో పెట్టాడు. కొలతలు పోగైతే వెతకడమే కష్టమయ్యే పద్ధతి అది, అందుకే యంత్రం అవసరం సహజంగా కుదురుతుంది.

ఇక్కడ మీకు దొరికే అందమైన చిక్కు ఒకటుంది. శరీరానికి సంబంధించిన ఆధారాలేవీ ఈ ఇద్దరినీ విడదీయలేవు. ఎత్తు, చెవి, వేలిముద్ర అన్నీ ఒకటే. వేలిముద్రల ఆలోచన అప్పటికే గాలిలో ఉంది: బ్రిటిష్ అధికారి హెర్షెల్ బెంగాల్లో 1858 నుంచి ముద్రలు తీసుకున్నాడు, డాక్టర్ ఫాల్డ్స్ 1880లో పత్రికలో రాశాడు. పద్ధతిగా కుదిరింది 1897లో కలకత్తాలో, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల పనితో. స్కాట్లండ్ యార్డ్‌కి చేరింది 1901లో. మీ కథలో ఒక కుర్ర ఇన్‌స్పెక్టర్ దాన్ని ముందే నమ్మి, రాత్రి మనిషి వదిలిన ముద్రను పట్టుకుని డిటెక్టివ్ గుమ్మంలోకి రావొచ్చు.

ఇద్దరినీ విడదీసేవి అలవాట్లు. చేతిరాత, ముడి వేసే తీరు, బూటు మడమ ఏ వైపు అరిగింది. అన్నింటికంటే మంచిది టెలిగ్రాఫ్. ఆ పని చేసేవాళ్ళు అవతల మీట నొక్కుతున్నది ఎవరో చుక్క, గీతల లయను బట్టి చెప్పేవాళ్ళు. ఒకే ఇంటి నుంచి, ఒకే వేళ్ళతో, రెండు వేర్వేరు లయలు వస్తున్నాయని టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి గమనిస్తుంది. డిటెక్టివ్ కంటే ముందే ఆమెకు నిజం తెలుస్తుంది. ఆ పాత్రకు ఎక్కువ చోటివ్వండి.

చట్టం విషయంలో జాగ్రత్త. 1865 చట్టం ప్రకారం రోడ్డు మీద ఆవిరి బండి ఊళ్ళో గంటకు 2 మైళ్ళు, బయట 4 మైళ్ళు మించకూడదు, 60 గజాల ముందు ఎర్రజెండాతో ఒక మనిషి నడవాలి. 1878లో జెండా నిబంధన సడలింది, వేగం మీద ఆంక్ష 1896 దాకా ఉంది. మీ ప్రపంచంలో ఈ చట్టం లేదంటే ఒక్క వాక్యంలో కారణం చెప్పండి. ఉందంటే ఇంకా మంచిది: రాత్రిపూట వేగంగా బండి నడపడమే నేరం, కాబట్టి చూసినవాళ్ళు, నీళ్ళు పోసినవాళ్ళు నోరు మెదపరు.

తెలుగులో రాస్తున్నారు కాబట్టి కొన్ని చిక్కులూ ఉన్నాయి, కొన్ని వరాలూ ఉన్నాయి. మన క్రియ "వెళ్ళాడు, వెళ్ళింది" అని మనిషిని పట్టిస్తుంది. రాత్రి మనిషి ఎవరో దాచాల్సిన పేజీలను "తలుపు తీసి ఉంది", "దీపం వెలుగుతోంది" అని వస్తువుల వైపు నుంచి రాయండి, లేదా ఉత్తమ పురుషలో రాయండి. "వెళ్ళాను"లో ఆడామగా తెలియదు. వరం ఏమిటంటే మేము, మనం. అంతా గుర్తున్న రాత్రి మనిషి డైరీలో "మనం" అని రాస్తాడు, ఎందుకంటే చదవబోయేది పగటి మనిషేనని అతనికి తెలుసు. పాఠకుడు దాన్ని మామూలు మాటగా దాటేస్తాడు. అలాగే మీరు, నువ్వు. పగలు బండివాణ్ణి "మీరు" అనే పెద్దమనిషి ఒక సంభాషణలో "నువ్వు" అంటాడు, బండివాడు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. వివరణ ఇవ్వకండి. ఒక్కటి మాత్రం వద్దు: మంచివాడికి పుస్తకాల భాష, రెండోవాడికి తెలంగాణ యాసో ఉత్తరాంధ్ర యాసో తగిలించడం. ఇద్దరూ లండన్ మనుషులు, పైగా ఒక ప్రాంతపు మాటను చీకటికి గుర్తుగా వాడటం అన్యాయం. తేడా వాక్యం పొడవులో చూపండి: ఒకరు పూర్తి వాక్యాలు మాట్లాడతారు, మరొకరు సగంలో ఆపుతారు.

బాయిలర్, వాల్వ్, గేజ్, పిస్టన్ లాంటి మాటలకు కొత్త తెలుగు పుట్టించే పని పెట్టుకోకండి. అందరికీ తెలిసినవే.

నిడివి 45,000 నుంచి 55,000 పదాలు చాలు. రాసే ముందు ఒక పట్టిక గీయండి: అడ్డంగా గంటలు, నిలువుగా పగటి మనిషి, రాత్రి మనిషి, హంతకుడు, బాయిలర్. బాయిలర్‌కి కూడా పాత్రలాగే ఒక వరుస ఉండాలి. ఏ గంటలో ఎంత ప్రెషర్, ఎంత నీరు, ఎవరు ముట్టుకున్నారు. ఈ పట్టికలో ఖాళీగా మిగిలిన గడే మీ తర్వాతి అధ్యాయం. మీ దగ్గర ఇప్పటికే ఉన్న రాతప్రతిలో ముందుగా తలనొప్పులు, అద్దంలో మరో ముఖం, బూట్ల మీద రక్తం తీసెయ్యండి. వాటి చోట గ్యాస్ మీటరు పెట్టండి.

కోర్టు సీన్ ఉంటే ఈ సంగతులు తెలిసి రాయాలి. మతిస్థిమితం లేని నేరస్తుణ్ణి కొలిచే మెక్‌నాటన్ సూత్రాలు 1843వి. "నేరం చేశాడు, కానీ అప్పుడు మతిస్థిమితం లేదు" అనే తీర్పు 1883 చట్టంతో వచ్చింది, ఆ తీర్పు పడ్డవాణ్ణి విడుదల తేదీ లేకుండా బంధిస్తారు. ఇంకా ముఖ్యమైనది: 1898 దాకా ఇంగ్లండ్‌లో ఇలాంటి కేసుల్లో ముద్దాయి తన తరఫున తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే వీలు సాధారణంగా లేదు. మీ డిటెక్టివ్ ముద్దాయిగా బోనులో ఉంటే పగటి మనిషీ మాట్లాడలేడు, రాత్రి మనిషీ మాట్లాడలేడు. అప్పుడు జ్యూరీ ముందుకు బొగ్గు తూకం, మీటరు, టెలిగ్రాఫ్ అమ్మాయి రావాలి. అతను వేరే వాడి కేసులో సాక్షిగా వస్తే మాత్రం కథ మారుతుంది: తనకు గుర్తులేని రాత్రి గురించి ప్రమాణం చేయాలంటే బోనులోనే రాత్రి మనిషిని పిలవాలి, పగటిపూట, అందరి ముందూ. నేనైతే ఈ రెండో దారిలో రాస్తాను.